సోహమా, దాసోహమా? – క్రైస్తవ నిత్యజీవనంలో దైవానుకరణ

మానవుడు దేవుని వలె కాగోరడం పుణ్యమా, పాపమా? మతాలన్నీ ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న ప్రశ్న ఇది. క్రైస్తవుల పవిత్ర గ్రంథంలో దీనికి పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలు ఉన్నట్లు పైకి తోస్తుంది. ఆదికాండంలో ఏదెను తోటలోని సర్పం తొలి స్త్రీకి ఒక ఆశ చూపినది. నిషిద్ధ ఫలాన్ని భుజిస్తే మానవులు దేవతలకు సమానులు కాగలరన్నదే ఆ ఆశ. దానికి లోబడినందువలననే మానవుని పతనం ఆరంభమైనదని క్రైస్తవుల విశ్వాసం. అదే గ్రంథంలో, పౌలు పేరిట ఎఫెసు సంఘానికి వ్రాసిన లేఖలో, అయిదవ అధ్యాయం మొదటనే దేవుని అనుకరించి నడుచుకొనవలెనన్న ఉపదేశం కనిపిస్తుంది. సర్పం నోట పతనహేతువైన మాట అపొస్తలుని నోట ధర్మోపదేశం ఎట్లయినది? ఈ ప్రశ్నను విచారించడం క్రైస్తవులకే కాదు, అంగలింగ సామరస్యాన్ని లక్ష్యంగా నిలుపుకొన్న వీరశైవులకు కూడా ఉపయోగకరం.

రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే భేదం స్పష్టమవుతుంది. సర్పం చూపినది ఒక పదవిని. పౌలు కోరినది ఒక నడవడిని. దేవుని పీఠం మీద తానెక్కి కూర్చుండవలెనన్నది మొదటి కోరిక. దేవుడు లోకంతో ఎట్లు మెలగుతున్నాడో తానును తోటివారితో అట్లే మెలగవలెనన్నది రెండవది. అందుకే పౌలు ఆ ఉపదేశాన్ని ఒంటరిగా విడువక, ప్రేమకు పాత్రులైన బిడ్డలకు తగినట్లుగా అని ఒక విశేషణం చేర్చినాడు. ఆ వెంటనే ప్రేమను గూర్చి, క్రీస్తు చేసిన ఆత్మార్పణను గూర్చి ప్రస్తావించినాడు. తండ్రి నడక చూచి నడక నేర్చుకొనే బిడ్డకు తండ్రి ఆస్తి మీద కన్ను ఉండదు. తండ్రి మీద ప్రేమ చేతనే ఆ నడక వానికి అబ్బుతుంది. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లు చేసే అనుకరణ వేరు. నక్క కోరుకొన్నది పులి రూపాన్ని, పులి వలన లోకానికి కలిగే భయాన్ని మాత్రమే. వాతలు మిగిలినవి, పులితనం రాలేదు.

వీరశైవ సంప్రదాయానికి ఈ వివేచన కొత్తది కాదు. సోహం అన్న మాటలో నేనే ఆ పరతత్త్వమన్న భావన ఉన్నది. అది అనుభవపూర్వకమైతే మహోన్నతమే గాని, అనుభవం లేని నోట అది అహంకారానికి ముసుగవుతుంది. కల్యాణ శరణులు సోహం అన్న మాటకంటె దాసోహం అన్న మాటను మిన్నగా భావించినారు. నేను దాసుడనన్న ఆ భావమే వారి చేతిలో ఒక జీవన విధానమై, కాయకం ద్వారా ఆర్జించిన దానిని జంగమానికి, సమాజానికి సమర్పించే ఆచారంగా రూపొందినది. పంచాచారాలలో భృత్యాచారానికి స్థానం కల్పించడంలోని ఆంతర్యం ఇదే. ఎంత ఎదిగిన భక్తుడైనా సేవకత్వాన్ని విడువరాదు. సర్పానికి, పౌలుకు మధ్యనున్న భేదాన్ని వీరశైవ పరిభాషలో చెప్పవలెనంటే, అది అనుభవం లేని సోహానికి, ఆచరణతో కూడిన దాసోహానికి మధ్యనున్న భేదం.

అయితే దేవునిలో దేనిని అనుకరించవలెను? సర్వశక్తిత్వం మానవునికి సాధ్యం కాదు. సర్వజ్ఞత్వమూ అంతే. ఈ రెండింటినీ కొంచెమైనా సంపాదించినామని భ్రమించినవారి వలన లోకానికి కలిగిన కీడు చరిత్ర నిండా ఉన్నది. క్రైస్తవ గ్రంథం చూపే ఆదర్శం వేరు. మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో, పర్వత ప్రసంగంలో, యేసు ఎండను, వానను ఉదాహరణగా తీసుకొన్నాడు. సూర్యుడు మంచివారి ఇంటి మీదనే ఉదయించడు. వాన నీతిమంతుని పొలాన్నే తడపదు. తండ్రి అయిన దేవుని పరిపూర్ణత ఈ పక్షపాత రాహిత్యంలో ఉన్నదని, బిడ్డలు దానినే అలవరచుకొనవలెనని, కనుక శత్రువును సైతం ప్రేమించవలెనని ఆయన బోధించినాడు. బలాన్ని గాని, తేజస్సును గాని అక్కడ ఆదర్శంగా చూపలేదు. ఎంచిచూడకుండ ఇచ్చే గుణాన్ని మాత్రమే చూపినాడు.

ఈ భావానికి మూలం ఇంకను ప్రాచీనమైనది. యూదుల ధర్మశాస్త్రంలో భాగమైన లేవీయకాండం పందొమ్మిదవ అధ్యాయం, దేవుడు పరిశుద్ధుడు గనుక ప్రజలును పరిశుద్ధులు కావలెనన్న ఆజ్ఞతో ఆరంభమవుతుంది. ఇంత గంభీరమైన ఆజ్ఞ తరువాత తపస్సును గూర్చియో, సమాధిని గూర్చియో చెప్పుతారని ఎవరైనా ఎదురుచూస్తారు. అక్కడ ఉన్నవి నిత్యజీవితానికి చెందిన విషయాలు. కోత కోసేటప్పుడు పొలం అంచులను బీదవానికి, పరదేశికి విడిచిపెట్టవలెను. కూలివాని కూలి తెల్లవారేదాక తన వద్ద ఉంచుకొనరాదు. చెవిటివానిని తిట్టరాదు, గ్రుడ్డివాని దారిలో అడ్డు పెట్టరాదు. త్రాసు, రాళ్లు, కొలపాత్రలు సరిగా ఉండవలెను. దైవానుకరణ జరుగవలసిన చోటు ఏదో ఈ అధ్యాయం తేటతెల్లం చేస్తున్నది. అది పొలం గట్టు, అంగడి త్రాసు, సాయంకాలం కూలి పంచే అరుగు. చెవిటివాడు తిట్టును వినలేడు, గ్రుడ్డివాడు అడ్డుపెట్టినవానిని చూడలేడు. ఎవరును చూడని, వినని చోట నడవడి ఎట్లుండవలెనో చెప్పడమే ఇక్కడి సూక్ష్మం.

యేసు జీవితంలో ఈ ఆదర్శానికి పరాకాష్ఠ అనదగిన ఘట్టం ఒకటి యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో ఉన్నది. మరణానికి ముందటి రాత్రి, భోజన సమయంలో ఆయన లేచి, తువాలు నడుముకు కట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగినాడు. ఆనాటి సమాజంలో అది ఇంటి దాసులు చేసే పని. పేతురు మొదట ఒప్పుకొనలేదు. గురువు తన పాదాలు పట్టుకొనడం అతనికి అసహ్యంగా తోచినది. గురువు పట్టు విడువక, తాను చేసినట్లే మీరును ఒకరికొకరు చేయవలెనని ఉపదేశించినాడు. దేవుని ప్రతిరూపమని తాము నమ్మిన వ్యక్తిని క్రైస్తవులు ఎక్కడ అనుకరించవలెనో ఈ ఘట్టం నిర్ణయించినది. కాళ్లు పట్టించుకొనే చోటు ఆయన చూపలేదు. కాళ్లు పట్టుకొనే చోటు చూపినాడు.

ఈ ఘట్టాన్ని స్మరిస్తూ ఈస్టరుకు ముందు వచ్చే గురువారం నాడు అనేక దేవాలయాలలో పాదప్రక్షాళనం జరుగుతుంది. 2013లో పోపు ఫ్రాన్సిస్ ఆ కార్యాన్ని రోమునగరంలోని ఒక బాలనేరస్థుల కారాగారంలో నిర్వహించి, పన్నెండుమంది పాదాలు కడిగినారు. వారిలో ఇద్దరు యువతులు ఉన్నారు. ముస్లిములు కూడా ఉన్నారు. అంతవరకు పురుషులకే పరిమితమని భావించిన కర్మకాండలో అది పెద్ద మార్పు. అయినప్పటికి సంవత్సరానికి ఒకనాడు పాదాలు కడిగి, మిగిలిన దినాలలో ఇంటి పనిమనిషిని పేరుపెట్టి పిలువని గృహస్థుడు ఉంటే, అతని పాదప్రక్షాళనం నక్క వాతలతో సమానం. కర్మకాండ స్మరణకు సాధనం. ఆ స్మరణ మరునాటి నడవడిలో కనిపించనప్పుడు కర్మకాండ వ్యర్థం. ఇష్టలింగ పూజ ముగించి, గడపలో నిలిచిన ఆకలిగొన్నవానిని గదిమే వీరశైవునికి కూడ ఇదే తీర్పు వర్తిస్తుంది.

నిత్యకృత్యంలోనే దైవసాన్నిధ్యాన్ని అనుభవించిన క్రైస్తవులలో సోదర లారెన్సు పేరు ప్రసిద్ధమైనది. పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సు దేశీయుడు ఆయన. పూర్వాశ్రమంలో సైనికుడై యుద్ధంలో గాయపడి, తరువాత పారిస్ నగరంలోని కార్మెలు మఠంలో చేరినాడు. పాండిత్యం లేని ఆయనకు మఠంలో వంటపని అప్పగించినారు. స్వభావరీత్యా ఆయనకు ఆ పని ఇష్టం కాదు. అయినను వంటపాత్రల చప్పుడు మధ్య కూడా, ప్రార్థనాలయంలో మోకరించినప్పటి వలెనే దేవుని సన్నిధిని అనుభవించడం అభ్యసించినాడు. అనేక సంవత్సరాల తరువాత ఆయనకు మఠవాసుల చెప్పులు బాగుచేసే పని ఇచ్చినారు. 1691లో ఆయన మరణించిన పిదప ఆయన సంభాషణలు, లేఖలు గ్రంథరూపం పొందినవి. వంటగదిలోను, చెప్పుల పీట మీదను దేవుని కనుగొన్న ఈ మహనీయుని కథ, చెప్పులు కుట్టిన హరళయ్యను, బట్టలు ఉతికిన మడివాళ మాచయ్యను, త్రాళ్లు పేనిన నులియ చందయ్యను శరణులుగా పూజించే సమాజానికి పరాయిది కాజాలదు. శరణులు దానిని కాయకం అన్నారు. పేరు వేరైనా మర్మం ఒకటే.

క్రీస్తును అనుకరించడాన్ని గూర్చి వెలసిన గ్రంథాలలో థామస్ ఎ కెంపిస్ రచనగా ప్రసిద్ధి చెందినది మిక్కిలి ప్రచారం పొందినది. 1380 ప్రాంతంలో జన్మించి 1471లో మరణించిన ఆ సన్యాసి దానిని లాటిను భాషలో వ్రాసినాడు. స్వామి వివేకానందులు ఆ గ్రంథాన్ని ఎంతో ఆదరించి, 1889లో కొన్ని అధ్యాయాలను బంగాళీ భాషలోనికి అనువదించి, పీఠిక వ్రాసినారు. దాస్యభక్తికి ఉత్తమమైన రూపం అందులో ఆయనకు గోచరించినది. అద్వైతాన్ని లోకమంతట చాటిన మహాపురుషుడు దాస్యభక్తిని తలదాల్చడం గమనింపదగినది. సోహం అన్నవారికి కూడ దాసోహం అన్న మెట్టు తప్పదని ఇందువలన గ్రహించవచ్చును.

కాని ఆ గ్రంథం ప్రధానంగా మఠవాసులను ఉద్దేశించినది. సంసారం, పిల్లలు, పంట, అప్పు ఉన్నవారి మాట ఏమి? దీనికి సమాధానం భారతదేశపు ఈశాన్య కోణంలో లభిస్తుంది. మిజోరంలోని క్రైస్తవ గృహిణులు పూటపూటకు అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు బియ్యం దైవకార్యం నిమిత్తం వేరుగా తీసిపెట్టుతారు. బుహ్‌ఫాయి థామ్ అని పిలిచే ఈ ఆచారం 1910లో ఆరంభమైనది. చేతిలో రొక్కం లేని కొండ పల్లెల స్త్రీలు ఈ పిడికెడు బియ్యంతోనే తమ సంఘాల సేవాకార్యాలకు పెద్ద ఆధారం కల్పించినారు. ఇందులో వీరత్వం లేదు. ఎవరును చప్పట్లు కొట్టరు. కుండలో బియ్యం పోసే ప్రతిసారి, ఇది నా ఇంటివారికే కాదన్న స్మరణ మాత్రం కలుగుతుంది. ఎండను, వానను పంచే దేవుని గుణం ఒక పిడికిలిలో ఇమిడిన తీరు ఇది.

ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతం తెలిసినవారికి ఇక్కడ ఆమె స్మృతికి రాక మానదు. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుకొని తెచ్చి దాసోహం జరపడం ఆమె భర్త మారయ్య కాయకం. ఒకనాడు మారయ్య రోజూ తెచ్చే దానికంటె ఎక్కువ బియ్యం తెచ్చినాడు. లక్కమ్మ సంతోషించక, ఈ అధికమైన ఆశ భక్తునికి తగదని మందలించి, మిగులును మళ్లీ తెచ్చిన చోటనే పోసి రమ్మన్నది. మిజో గృహిణి తన దానిలో నుండి పిడికెడు తీసిపెట్టుతుంది. లక్కమ్మ తనది కాని పిడికెడును తిరిగి పంపినది. ఒకటి త్యాగం, రెండవది అపరిగ్రహం. దేవుడు లోకానికి ఇచ్చేవాడే గాని లోకం నుండి కూడబెట్టేవాడు కాడు. కనుక ఈ ఇద్దరు స్త్రీలును తమ వంటింటి నుండియే దైవాన్ని అనుకరించినారు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది; పుచ్చుకొనే చెయ్యి క్రింద ఉంటుంది. దేవుని వలె ఇస్తున్నానని తలచేవాడు క్రమంగా తానే దేవుడనని తలచడం ఆరంభిస్తాడు. సర్పం విడిచిన మాట దానం అన్న ద్వారం గుండ మళ్లీ లోపలికి వస్తుంది. 1910లో ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ ప్రమాదాన్ని ఒక భారతీయుడు ఎత్తిచూపినాడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడైనను, తెలుగు దేశంలోని దోర్నకల్లును తన కార్యక్షేత్రంగా చేసికొన్నవాడు. విదేశీయ మిషనరీలు తమ ధనాన్ని, దేహాన్ని సైతం ఈ దేశానికి అర్పించిన సంగతిని ఆయన కృతజ్ఞతతో అంగీకరించినాడు. కాని భారతీయులు కోరేది ప్రేమను, స్నేహాన్ని అని విన్నవించినాడు. ఉపకారం చేసినవారే ఆ మాట విని నొచ్చుకొన్నారు. రెండు సంవత్సరాల తరువాత, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడైనాడు.

అజరయ్య వేలెత్తి చూపిన లోపం ఒక్క మిషనరీలది కాదు. దానానికి, దాసోహానికి మధ్యనున్న భేదమే అది. దానంలో దాత మిగులుతాడు. దాసోహంలో దాత అన్నవాడు కరగిపోవలెను. ఇచ్చినది దైవానిది, పుచ్చుకొన్నది దైవం, నడుమ నేను సేవకుడను అన్న ఎరుక అందులో ప్రాణం. క్రీస్తు దైవత్వాన్ని పట్టుకొని వ్రేలాడక తన్ను తాను తగ్గించుకొని దాసరూపం ధరించినాడని ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో పౌలు వివరించినాడు. దిగివచ్చిన దేవుని అనుకరించడానికి దిగిరావడం తప్ప మార్గాంతరం లేదు.

ఇంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. దేవునికి దయతోపాటు ఆగ్రహం కూడ ఉన్నదని గ్రంథాలు చెప్పుతాయి. ఆ ఆగ్రహాన్ని భక్తుడు అనుకరించవచ్చునా? పగ తీర్చుకొనే పని దేవునికే విడువవలెనని రోమీయులకు వ్రాసిన లేఖలో పౌలు స్పష్టం చేసినాడు. అయినను 1099లో యెరూషలేమును పట్టుకొన్న క్రైస్తవ యోధులు దేవుని పేరిటనే ఆ నగరవాసులను ఊచకోత కోసినారు. వీరశైవులు ఇతరుల చరిత్రను మాత్రమే ఎంచడం న్యాయం కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మధువరసు కుమార్తెకు, హరళయ్య కుమారునికి జరిగిన వివాహం కారణంగా బిజ్జలుడు ఆ శరణులిద్దరిని క్రూరంగా శిక్షించినాడని సంప్రదాయం చెప్పుతుంది. పిమ్మట బిజ్జలుడు హతుడైన వృత్తాంతాన్ని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో వర్ణించినాడు. ఆ వధ వలన కల్యాణానికి శాంతి కలుగలేదు. శరణులు చెల్లాచెదరైనారు, అనుభవ మంటపం మూగబోయినది. దేవుని దయను అనుకరించి పొరబడినవాని తప్పు సరిదిద్దుకొనవచ్చును. దేవుని ఆగ్రహాన్ని అనుకరించి పొరబడినవాని తప్పు తిరిగి రాని ప్రాణాలను బలిగొంటుంది.

ఈ పరీక్షలో నిలిచిన ఒక క్రైస్తవ స్త్రీ చరిత్ర మన కాలంలోనే జరిగినది. గ్రాహం స్టెయిన్స్ అను ఆస్ట్రేలియా దేశీయుడు ఒరిస్సాలోని బారిపదలో దీర్ఘకాలం కుష్ఠురోగులకు సేవ చేసినాడు. 1999 జనవరిలో మనోహరపుర్ అను గ్రామంలో, జీపులో నిద్రిస్తున్న ఆయనను, ఆయన ఇద్దరు చిన్న కుమారులను ఒక గుంపు సజీవంగా దహనం చేసినది. ఆయన భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించినది. దేశం విడిచి వెంటనే వెళ్లిపోక, కుమార్తెతో కొన్ని సంవత్సరాలు అక్కడనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించినది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసినది. ఆమె క్షమించినంత మాత్రాన న్యాయస్థానం తన పని మానలేదు. మానవలసిన అవసరమూ లేదు. నేరాన్ని విచారించడం రాజ్యధర్మం. ద్వేషానికి తన హృదయంలో చోటివ్వకుండుట ఆమె స్వధర్మం. ఆ విషాదం మరునాడు కూడా రోగుల పుండ్లకు కట్లు కట్టవలసే ఉన్నది. దుఃఖంలోను ఆ పని ఆగకపోవడంలోనే ఎండవానల దేవుని పోలిక కనిపిస్తుంది.

రెండు మార్గాలకు మధ్యనున్న భేదాన్ని మరుగుపరచనవసరం లేదు. క్రైస్తవ సిద్ధాంతంలో సృష్టికర్త సృష్టికర్తయే, జీవుడు జీవుడే. బిడ్డ తండ్రిని ఎంత పోలినను తండ్రి కాడు. వీరశైవ షట్‌స్థల సిద్ధాంతం భక్తస్థలంతో ఆరంభమై, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ స్థలాలను దాటి ఐక్యస్థలంలో పరిసమాప్తమవుతుంది. అక్కడ పోలికతో పని లేదు, ఉన్నది సామరస్యం. అందువలన వీరశైవుడు క్రైస్తవుని చూచి, ఎన్నటికి ఒకటి కానప్పుడు అనుకరణ ఎందుకని ప్రశ్నించవచ్చును. ప్రేమించే బిడ్డకు పోలికయే పరమానందమని క్రైస్తవుడు బదులు చెప్పవచ్చును. క్రైస్తవుడు వీరశైవుని చూచి, లింగంతో ఏకమైనవానికి సేవ ఎట్లు మిగులునని అడుగవచ్చును. ఐక్యమైనది అహంకారం నశించిన అంగమే గనుక, ఆపైన మిగిలేది సేవయేనని వీరశైవుడు బదులు చెప్పవలెను. గమ్యాన్ని గూర్చిన వాదం పండితులు చేయుదురు గాక. దారిలో చేయవలసిన పని విషయంలో ఇరువురికి వాదం లేదు.

చివరకు మిగిలే ప్రశ్న వైఫల్యాన్ని గూర్చినది. ప్రతిదినం దేవుని అనుకరించబూనినవాడు ప్రతిదినం తప్పిపోతాడు. ఉదయం ప్రార్థనలో క్షమను కోరినవాడే మధ్యాహ్నం అంగడిలో కస్సుమంటాడు. ఇందుకు నిరాశపడి అనుకరణను మానుట తగునా? సోదర లారెన్సు తాను తప్పినప్పుడు ఆ తప్పును దేవుని ఎదుట ఒప్పుకొని, దానినే తలచుకొని క్రుంగిపోక, మళ్లీ తన పనిలో పడేవాడు. నడక నేర్చే బిడ్డ పడినంత మాత్రాన తండ్రి పోలిక పోదు. దైవానుగ్రహం లేనిదే తమ ప్రయత్నం ఫలించదని క్రైస్తవులు నమ్ముతారు. గురుకారుణ్యం లేనిదే లింగం కరస్థలానికి రాదని వీరశైవులు నమ్ముతారు. ఈ నమ్మకం సోమరితనానికి సాకు కారాదు, పడినవానిని లేపే ఊతం కావలెను.

కాబట్టి శరణ ధర్మాన్ని అనుసరించే ప్రతివారును పూజానంతరం తమను తాము కొన్ని ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈనాడు కూలివాని కూలి పొద్దుగూకక ముందే ముట్టినదా? త్రాసు సరిగా తూగినదా? ఇచ్చినప్పుడు చెయ్యి పైనున్నదా, క్రిందనున్నదా? నొప్పించినవాని విషయంలో మనస్సు చల్లబడినదా? ఈ ప్రశ్నలను క్రైస్తవుడు తన తండ్రి ఎదుట వేసికొంటాడు; శరణుడు తన కరస్థలంలోని లింగం ఎదుట వేసికొనవలెను.